నాలుగో మాట

దరియాలతిప్ప చర్చిలో గుడ్‌ఫ్రైడే నాడు, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు ప్రసంగిస్తారు. ఎప్పుడూ సంఘపెద్దలే మాట్లాడేవారు. ఈసారి పాస్టర్ ప్రభుదాసుగారు నాలుగో మాటను కృపారాణికి ఇచ్చారు. దేవుడు తనను ఎందుకు విడిచిపెట్టాడని యేసు అడిగిన మాట అది.

కృపారాణి యానాంలో ప్రైమరీ స్కూలు టీచరు. రెండేళ్ళ కిందట ఆమె భర్త కిరణ్‌కుమార్ కిడ్నీలు పాడై కాకినాడ ఆసుపత్రిలో పోయాడు. అతని కోసం సంఘమంతా ఉపవాస ప్రార్థనలు చేసింది. ఆ తర్వాత కృపారాణి ప్రతి ఆదివారం చర్చికి వచ్చేది గాని, పాటలు పాడటం మానేసింది. ఒకసారి నోరు విప్పితే ఆమెకు కాస్త తేలికవుతుందని పాస్టరుగారు అనుకున్నారు. సంఘపెద్దల్లో ఒకడైన ఆమె తండ్రి సుందరరావుకు ఇది అంతగా నచ్చలేదు. ఆడవాళ్ళు మైకు ముందుకు రాకూడదని ఆయన అనలేదు. నలుగురిలో ఏడుస్తుందేమోనన్నాడు, అంతే.

అది ఎన్నికల సమయం. కృపారాణి తమ్ముడు జోయెల్ తన ఆటోకి పార్టీ జెండా కట్టుకుని, పోటీలో ఉన్న రొయ్యల చెరువుల వెంకటరాజు తరఫున తిరుగుతున్నాడు. వెంకటరాజు హిందువు, మాట నిలబెట్టుకుంటాడని పేరున్న మనిషి. జోయెల్ ఆయన్ని అడిగింది ఒక్కటే, సమాధుల తోటకి రోడ్డు. గోదావరికి వరదొస్తే ఆ దారి మునిగిపోతుంది. కిరణ్‌కుమార్ శవపెట్టెను మోకాలి లోతు నీళ్ళలో మోసుకెళ్ళారు. ముందువైపు భుజం పట్టినవాడు జోయెలే.

గుడ్‌ఫ్రైడే నాడు ఎండ మండిపోతోంది. మూడో మాట అయ్యాక పాట పాడుతుండగా వెంకటరాజు పదిమందితో వచ్చి గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడు. కండువాలు తీసి చేత్తో పట్టుకున్నారు. జోయెల్ ముందుకెళ్ళి పాస్టరుగారి చెవిలో ఏదో చెప్పాడు. చర్చిలో ప్రచారం కూడదని, రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే తన మీదికొస్తుందని పాస్టరుగారు నసిగారు. ఓటు మాటే ఎత్తరని, రెండు నిమిషాలు పలకరించి వెళ్ళిపోతారని జోయెల్ నచ్చజెప్పాడు. పాస్టరుగారు సుందరరావు వైపు చూశారు. సుందరరావు తల ఊపాడు. కృపారాణి అప్పటికే లేచి, చీర కొంగు సర్దుకుంటోంది. తండ్రి చెయ్యెత్తి కూర్చోమన్నాడు. కూర్చుంది.

వెంకటరాజు నిజంగానే ఓటు అడగలేదు. ఈ రోజు పవిత్రత తనకు తెలుసునన్నాడు. మీ పెద్దల్ని సాగనంపే దారి అలా ఉండటం తనకు సిగ్గుగా ఉందన్నాడు. వర్షాలు పడకముందే రోడ్డు వేయిస్తానన్నాడు. వెనక వరుసల్లో కొందరు ఆమెన్ అన్నారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టి, ఏ రోజో గుర్తొచ్చి ఆపేశారు. రెండు నిమిషాలు కాస్తా పావుగంటైంది. ఆయన వెళ్ళేసరికి వేళ మించిపోయింది. పాస్టరుగారు వాచీ చూసుకుని ఐదో మాటకు పిలిచారు.

ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర పాస్టరుగారు కృపారాణిని ఆపి, ఏమీ అనుకోవద్దన్నారు. ఆదివారం తెల్లవారుజాము ఆరాధనలో మాట్లాడమన్నారు.

"అది ఈస్టర్ నాడు చెప్పే మాట కాదండి," అంది ఆమె. కోపంగా అనలేదు.

ఇంటికెళ్ళి గంజి కాచింది. తండ్రి, తమ్ముడు ఉపవాసం విడవడానికి కూర్చున్నారు. జోయెల్ గిన్నెలోకి చూస్తూ అన్నాడు.

"నాకోసం అడిగానేటక్కా? మనందరి కోసమేగా. బావని ఎలా తీసుకెళ్ళామో మర్చిపోయావా?"

"మర్చిపోలేదురా. అదే చెబ్దామనుకున్నాను."

జోయెల్ చెంచా కింద పెట్టాడు. సుందరరావు కూతురి వంక చూశాడు.

"ఏం చెబ్దామనుకున్నావమ్మా?"

ఆమె గంజి వడ్డించడం పూర్తి చేసి, గోడకు ఆనుకుని కూర్చుని చెప్పింది. ఆఖరి వారంలో ఒకరోజు కిరణ్, దేవుడు వింటున్నాడంటావా అని తనను అడిగాడు. వింటున్నాడని అనాలనుకుంది, నోరు రాలేదు. చెమట తుడిచి, పడుకోమంది. అతను పోయాక ఆ ప్రశ్నే తనను పట్టుకుంది. చర్చికి వెళ్ళడం మానేద్దామనుకుంది. అప్పుడు సిలువ మీది ఆ నాలుగో మాట చదివింది. యేసూ అదే అడిగాడు. ఆయనకూ ఆ మధ్యాహ్నం జవాబు రాలేదు. అందుకే చర్చికి ఇంకా వెళ్తోంది తప్ప, ఎవరో చెప్పిన ఓదార్పు మాటల వల్ల కాదు. ఇదే సంఘంలో చెప్పాలనుకుంది.



"ముందే తెలిస్తే నేనే వద్దందును," అన్నాడు సుందరరావు.

"తెలుసు నాన్నా."

"నేనొచ్చి ప్రార్థన చేసేవాణ్ణి కదా. నన్నెందుకు అడగలేదతను?"

కృపారాణి చెప్పాలా వద్దా అని ఆలోచించింది.

"నువ్వు గట్టిగా ప్రార్థన చేస్తా ఉంటే ఆయన కళ్ళు మూసుకునేవారు. నువ్వెళ్ళాక ఒకసారన్నారు, మావయ్యగార్ని ఊరికే పక్కన కూచోమను అని. నీకు చెప్పొద్దన్నారు."

సుందరరావు గంజి తాగకుండా లేచి పెరట్లోకి వెళ్ళాడు. జోయెల్ వెనకాలే వెళ్ళబోతే కృపారాణి వద్దంది. ఆయన తిరిగొచ్చి, చల్లారిన గంజినే తాగి పడుకున్నాడు.

వెంకటరాజు గెలిచాడు. అక్క ఓటు ఎవరికి వేసిందో జోయెల్ అడగలేదు. వానలకు ముందే సమాధుల తోట దాకా గ్రావెల్ పోసి, సిమెంటు రోడ్డు వేశారు. శ్రావణంలో ముసలి ఎస్తేరమ్మ పోతే చెప్పులు తడవకుండా ఆమెను తీసుకెళ్ళారు. దారి పొడుగునా జనం వెంకటరాజును మెచ్చుకున్నారు. కృపారాణి కూడా ఆ రోడ్డు మీదే నడిచింది. రోడ్డు బాగానే ఉందనిపించింది. జోయెల్‌తో ఆ మాట చెప్పింది కూడా.

పాస్టరుగారు మరోసారి మాట్లాడమని అడిగితే ఆలోచిస్తానంది. ఇప్పటికైతే మాట్లాడలేదు. పాటలకు మాత్రం అప్పుడప్పుడు గొంతు కలుపుతోంది.

సుందరరావు కిరణ్ అన్న మాట సంగతి మళ్ళీ ఎత్తలేదు. వాళ్ళ పక్కింటి నాగమణి భర్త వీరభద్రరావుకు పక్షవాతం వచ్చింది. వాళ్ళు తాళ్ళరేవు వైపు నుంచి వ్యాపారానికి వచ్చిన హిందువులు. ఇదివరకైతే సుందరరావు ఒకసారి వెళ్ళి, మంచం పక్కన నిలబడి, వాళ్ళ అనుమతితో ప్రార్థన చేసి వచ్చేసేవాడు. ఇప్పుడు చాలా సాయంత్రాలు వెళ్తున్నాడు. కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. వీరభద్రరావుకు మాట సరిగా రాదు, ఈయనా మాట్లాడడు. టీవీలో వార్తలు నడుస్తుంటాయి. ఒకరోజు నాగమణే టీ తెచ్చి, మా ఇంట్లో ప్రార్థన చెయ్యరేటండీ అని అడిగింది.

ఇంటికెళ్ళి చేస్తున్నానని చెప్పాడాయన.