రేగడిలో దిగబడిన ఇంటి ట్రాలీ

ఆదోనిలో ఈరేష్‌కు ట్రాక్టర్ ట్రాలీలు తయారుచేసే వెల్డింగ్ షాపు ఉంది. నాలుగేళ్ల కిందట భార్య మల్లేశ్వరి ముచ్చటపడిందని, జీపు వెనక తగిలించుకుని పోయే చిన్న ఇల్లొకటి ఇనుప చట్రం మీద కట్టాడు. లోపల ముగ్గురు పడుకునే మంచం, వెనక తలుపు ఎత్తితే గ్యాసు పొయ్యి, గిన్నెల అరలు, పక్కన నీళ్ల ట్యాంకు. షాపులో పనివాళ్లు దాన్ని ఇంటి ట్రాలీ అనేవాళ్లు. అది రోడ్డెక్కకముందే మల్లేశ్వరి కిడ్నీ జబ్బుతో పోయింది. ట్రాలీ టార్పాలిన్ కింద ఉండిపోయింది.

పుష్ప ఈరేష్‌ను పెళ్లి చేసుకుని ఆ ఇంటికి వచ్చి ఎనిమిది నెలలు. ఎమ్మిగనూరులో నేతపనివాళ్ల బిడ్డ. మొదటి పెళ్లి రెండేళ్లకే తెగిపోతే, ఆ తర్వాత పన్నెండేళ్లు టైలరింగ్ షాపు నడుపుకుంటూ తన బతుకు తాను బతికింది. ఈరేష్ మంచివాడే. మాట తూలడు. ఏడో తరగతి చదివే కూతురు కృతి కూడా గొడవపెట్టే పిల్ల కాదు. ఇరుకు సందులో ఎదురొచ్చిన మనిషికి దారి ఇచ్చినట్టు, తండ్రీ కూతుళ్లిద్దరూ పుష్పకు మర్యాదగా తప్పుకుని తిరిగేవాళ్లు. అంతకుమించి ఏమీ లేదు.

దేవరగట్టు జాతర జనం సద్దుమణిగాక, హొళగుంద వైపు గుట్టల్లో రెండు రోజులు ఉండి వద్దామని ఈరేష్ అన్నప్పుడు పుష్పకు ప్రాణం లేచొచ్చింది. ట్రాలీ కిటికీలకు పసుపుపచ్చ కర్టెన్లు కుట్టింది. తీరా చూస్తే లోపల మల్లేశ్వరి ఎంచిన నీలం కర్టెన్లు ఉండనే ఉన్నాయి. ఉన్నాయి కదా, ఎందుకు మళ్లీ అన్నాడు ఈరేష్, కోపం లేకుండానే. పుష్ప తను కుట్టినవాటిని మడిచి సంచి అడుగున పెట్టేసింది.

తారురోడ్డు వదిలి బండ్లదారి పట్టాక, రాళ్ల మీద ట్రాలీ ఎగిరెగిరి పడుతుంటే, ముందు సీట్లో కృతి తండ్రి భుజం పట్టుకుని నవ్వింది. పుష్ప వెనక సీట్లో సామాన్లు జారకుండా పట్టుకుని కూర్చుంది. ముందురోజు పడిన వాన సంగతి ఎవరికీ గుర్తులేదు. గుట్ట ఇంకా ఒక మైలుండగా, పత్తిచేల మధ్య నల్లరేగడిలో ట్రాలీ చక్రం ఇరుసు దాకా దిగబడింది. జీపు ఎంత గుంజినా మట్టి ఇంకాస్త లోపలికే లాక్కుంది.

అప్పటికి పొద్దున పది. ఊళ్లోకి పోయి ట్రాక్టర్ తెస్తానని ఈరేష్ చెప్పులు చేతపట్టుకుని బయల్దేరాడు. నేనూ వస్తానని కృతి వెంటపడింది. పుష్ప కూడా జీపు దిగింది.

"బండికాడ ఒకరు ఉండాల గదా. గంటలో వచ్చేస్తాములే," అన్నాడు ఈరేష్.

ఆమె ఆగిపోయింది. చేల మధ్య వాళ్లిద్దరూ చిన్నవైపోయి, చివరికి కనబడకుండా పోయేదాకా చూసింది.

గంటలో వస్తారు కదా అని చిత్రాన్నం కలిపింది, వంకాయ కూర చేసింది. పై అర మల్లేశ్వరి తన ఎత్తుకు తగ్గట్టు పెట్టించుకున్నది, పుష్పకు అందలేదు. ఒక రాయి దొర్లించుకొచ్చి ఎక్కి గిన్నెలు తీసింది. మూడు పళ్లాలు కడిగి పెట్టింది. పన్నెండయింది. ఒంటిగంటయింది. ఫోనులో సిగ్నల్ లేదు. గాలికి పత్తిచెట్లు కదలడం తప్ప ఇంకో చప్పుడు లేదు.

రెండవుతుండగా గొర్రెల్ని తోలుకుంటూ ఒక ముసలాయన వచ్చాడు. పేరు ఉచ్చీరప్ప అట. ట్రాలీ చుట్టూ ఒకసారి తిరిగి చూసి, ఆమె ఇచ్చిన టీ తీసుకుని గట్టు మీద కూర్చున్నాడు.

"ఒక్కదానివే ఉండావేమ్మా? యాడిదానివి తల్లీ నువ్వు?"

"ఎమ్మిగనూరు, అప్పా."

"మగ్గాలోళ్లా?"

అవునంది పుష్ప. మీ నాయన ఏం నేసేవాడు, మగ్గం గుంట ఇంట్లోనేనా, నువ్వూ నేసినావా అని ఆయన ఒకటొకటే అడిగాడు. తన చిన్నప్పుడు ఎమ్మిగనూరు సంతలో దుప్పటి కొన్న సంగతి చెప్పాడు. పుష్ప చెప్పుకుంటూ పోయింది: కాళ్లు దించుకుని కూర్చునే మగ్గం గుంటలోకి వానాకాలం నీళ్లు ఊరితే నాయన మోకాళ్ల నీళ్లలోనే కూర్చుని నేసిన సంగతి, నూలు కండెలు చుట్టి చుట్టి తన బొటనవేలు కాయగట్టిన సంగతి. చెబుతూ చెబుతూ ఒకచోట ఆగింది. ఈ ఎనిమిది నెలల్లో ఆ ఇంట్లో తనను ఎవరూ ఈ మాటలు అడగలేదని అప్పుడు తట్టింది.

గొర్రెలు పక్క చేలోకి దూరుతున్నాయని ఉచ్చీరప్ప లేచి పోయాడు. ఆయన ఉన్నంతసేపూ లేని భయం ఆయన పోయాక వచ్చింది. పాముపుట్రకు కాదు, దొంగలకు కాదు. ఇట్లాగే ఇంకో ముప్పై ఏళ్లు, మంచివాళ్ల మధ్య, ఎవరూ ఏమీ అడగకుండా గడిచిపోతాయేమోనని. ట్రాలీ మెట్టు మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత ట్యాంకు నీళ్లతో మొహం కడుక్కుంది.

నాలుగు గంటలకు ట్రాక్టర్ వచ్చింది. దాని మీద కృతి తండ్రి పక్కన నిలబడి చెయ్యి ఊపింది. ట్రాక్టరాయన పొలం నుంచి వచ్చేదాకా కాచుకోవలసి వచ్చిందట. ఆలోపల వాళ్లింట్లో జొన్నరొట్టె, చెనిగ్గింజల పొడి పెట్టారట. నేను మూడు రొట్టెలు తిన్నానని కృతి సంబరంగా చెప్పింది. గొలుసు తగిలించి రెండుసార్లు గుంజేసరికి ట్రాలీ గట్టున పడింది. ట్రాక్టరాయన వెళ్లిపోయాడు. ఈరేష్ జీపు ఎక్కి, పోదాం పద, వెలుతురుండగానే గుట్ట చేరాల అన్నాడు.

పుష్ప కదల్లేదు.

"నేను పొద్దుట్నుంచి తిన్లేదు," అంది.

"తినింటావు అనుకుంటి."

"గంటలో వస్తామంటిరి. మీకోసమే చూసినా."

ఈరేష్ జీపు దిగాడు. పొయ్యి పక్కన మూతలు వేసిన గిన్నెలు, బోర్లించిన పళ్లాలు చూశాడు. మెడ వెనక రుద్దుకున్నాడు.

"ఇంకోతూరి ఇట్లా దిగబడితే నేనూ నడిసొస్తా. బండికి కాపలా నేను ఉండను," అంది పుష్ప. గొంతు పెంచలేదు.

"సరే," అన్నాడు ఈరేష్. ఒక గిన్నె మూత ఎత్తి చూసి, "తప్పే," అన్నాడు.

ఆమె ఒక పళ్లెంలో పెట్టుకుని నేల మీద కూర్చుంది. తండ్రీ కూతుళ్లిద్దరూ వచ్చి ఎదురుగా కూర్చున్నారు. వాళ్లిద్దరికీ ఆకలి లేదు. అయినా కృతి కొంచెం చిత్రాన్నం పెట్టించుకుని, మెతుకు మెతుకు ఏరుకుంటూ ఆమెతో పాటు తిన్నది. చల్లారి గట్టిపడిన అన్నంతో పాటు పుష్ప రెండుసార్లు నీళ్లు తాగింది. ఆమె చెయ్యి కడుక్కునేదాకా ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

గుట్ట దగ్గర చదును చూసి బండి ఆపినప్పుడు పొద్దు ఇంకా గుంకలేదు. చక్రాలకు అంటిన రేగడిని పుల్లతో గీకుతూ, పగలంతా ఏం చేసినావని ఈరేష్ అడిగాడు. గొర్రెలాయన ఒకడు వచ్చినాడు, టీ ఇచ్చినా అని చెప్పింది పుష్ప. ఊఁ అని ఈరేష్ రెండో చక్రం దగ్గరికి పోయాడు. మిగతాది చెప్పాలంటే ఆయన వెంట చక్రం చుట్టూ తిరగాలి. ఆమె తనూ ఒక పుల్ల తీసుకుని మూడో చక్రం దగ్గర కూర్చుంది.