నాలుగు వేళ్ళ మడత

టైలరు కొట్లో ఒకటే బోర్డు ఉంది: 'టేపు అబద్ధం చెప్పదు.' నడుము ముప్పై నాలుగున్న ఆవిడ వచ్చి "ముప్పై రెండు రాసుకోండి, తగ్గుతున్నాను" అంటే అతను వినయంగా తలూపి, పుస్తకంలో ముప్పై నాలుగే రాసుకుంటాడు. తగ్గుతున్నామని చెప్పినవాళ్ళలో ఇరవై ఏళ్ళుగా ఒక్కరూ తగ్గలేదు. మనుషులు చెప్పేది వినాలి గాని నమ్మకూడదని అతని వృత్తి అతనికి నేర్పింది.

ఆడపిల్లల బట్టలకు ఇంకో నియమం ఉంది. అంచు లోపల నాలుగు వేళ్ళ మడత పెట్టాల్సిందే. "పెరిగే పిల్ల కదమ్మా, ఆర్నెల్లకు తీసుకురండి, విప్పి దించుతా" అంటాడు. వీధిలో తల్లులంతా అతని కొట్టుకు వచ్చేది ఆ మాట కోసమే. పక్క వీధి టైలరు కొత్త కొత్త ఫ్యాషన్లు కుడతాడు గాని మడత రెండు వేళ్ళకు మించి పెట్టడు. పిల్లలు పెరుగుతారన్న నమ్మకం లేనివాడని మనవాడి అభిప్రాయం.

ఇంత నిక్కచ్చి మనిషికి ఒక్కతే కూతురు. స్కూలు రిజిస్టర్లో పొడుగాటి పేరుంది గాని ఇంట్లో అందరికీ బుడ్డి. నిరుడు స్కూలు వాళ్ళు పిల్లల్ని ఊరి చివర పార్కుకి తీసుకెళ్ళారు. అక్కడ కొండచిలువ అనే పెద్ద ఊయల రైలు ఉంది. అది మెలికలు తిరుగుతూ ఆకాశం దాకా పోయి, తల్లకిందులై, అందర్నీ అరిపించి కిందికి దింపుతుంది. ఎక్కే చోట ఒక కర్ర మీద గీత గీసి ఉంది. బుడ్డి తల ఆ గీతకు రెండు వేళ్ళ కింద ఆగిపోయింది. క్లాసంతా ఎక్కింది. బుడ్డి కింద నిలబడి తొమ్మిది జతల చెప్పులు పట్టుకుంది. ఒక్క జత కూడా తారుమారు కాలేదని టీచరు మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలును బుడ్డి ఇప్పటికీ క్షమించలేదు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం పొద్దున్నే గుమ్మానికి వీపు ఆనించి నిలబడేది. "నాన్నా, కొలిచి చెప్పు." అతను టేపు పట్టి సుద్దముక్కతో గీత గీసేవాడు. మడమలు ఎత్తితే టేపుతో మెల్లగా కాళ్ళ మీద కొట్టేవాడు. పార్కు కర్ర మీది గీత ఎత్తు దాటిన రోజున తీసుకెళ్తానని మాటిచ్చాడు. ఈ నెల రెండో ఆదివారం గీత దాటింది, అరంగుళం పైకి. బుడ్డి గెంతలేదు, కేకలు వెయ్యలేదు. "ఎప్పుడెళ్దాం?" అంది అంతే.

టైలరు ఫోన్లో పార్కు రేట్లు చూశాడు. పన్నెండు నిండనివాళ్ళకు సగం టికెట్. నిండితే పూర్తి టికెట్. అరవై దాటినవాళ్ళకు తగ్గింపు. బుడ్డికి పన్నెండు నిండి పదకొండు రోజులైంది.

"పదకొండు రోజులకే పూర్తి టికెట్టా?" అన్నాడు భార్యతో.

ఆవిడ మందుల షాపులో పనిచేస్తుంది. పొద్దున లేచింది మొదలు సీసాల మీద తేదీలు చూడటమే ఆవిడ పని. "తేదీ దాటితే దాటినట్టే. పదకొండు రోజులు దాటిన మందు నీకు పోస్తే తాగుతావా?" అంది.

"మందు వేరు, పిల్ల వేరు."

"అవును వేరే. మందుని నేను కనలేదు. దాన్ని కన్నాను, ఎప్పుడు కన్నానో గుర్తుంది."

టైలరు పైకి సరేనన్నాడు గాని లోపల లెక్కలు వేస్తూనే ఉన్నాడు. గేటు దగ్గర వయసు అడుగుతారు, కొండచిలువ దగ్గర ఎత్తు చూస్తారు. రెండూ రెండు వేరు వేరు చోట్లు. అంటే గేటు దగ్గర పిల్ల చిన్నదిగా ఉండాలి, కొండచిలువ దగ్గర పెద్దదిగా ఉండాలి. ఇదేమంత కష్టం? ఇరవై ఏళ్ళుగా లావుపాటివాళ్ళను సన్నగా చూపిస్తున్న చెయ్యి అది. ఇది అబద్ధం కాదు, కటింగు అని తనకు తాను చెప్పుకున్నాడు.

నాలుగు రోజుల్లో ఫ్రాకు తయారైంది. గుండ్రటి కాలరు, బుట్ట చేతులు, వెనక పెద్ద బో. ఒంటి పొడుగు తెలియకుండా కింద మూడు అడ్డ టక్కులు. జేబు మీద క్యారెట్ పట్టుకున్న కుందేలు. ఒక్కరోజు ముచ్చటే కదా, తర్వాత విప్పి మామూలు ఫ్రాకు చెయ్యొచ్చని అన్నిటికీ కచ్చా కుట్టే వేశాడు. అంచు దగ్గరికొచ్చేసరికి చెయ్యి దానంతటదే నాలుగు వేళ్ళ మడత పెట్టేసింది. చిన్నగా కనబడాల్సిన ఫ్రాకుకి పెరిగే మడత దేనికని అతనికి తట్టలేదు.

బుడ్డి తొడుక్కుని అద్దం ముందు చాలాసేపు నిలబడింది. "నాన్నా, ఇది ఏ క్లాసు పిల్లది?"

"నాలుగు."

"నేను ఏడు."

"గేటు దాకా నాలుగు. లోపలికెళ్ళాక ఏడు."

"ఎవరన్నా అడిగితే నేను అబద్ధం చెప్పాలా?"

"నువ్వు నోరు విప్పక్కర్లేదు. ఫ్రాకే చెబుతుంది."

బుడ్డి కుందేలు వంక చూసింది. కొండచిలువ కోసం కుందేల్ని భరించక తప్పదని తేల్చుకున్నట్టుంది.

ఆ రోజు భార్యకు డ్యూటీ. టైలరు, బుడ్డి, టైలరు తల్లి బయల్దేరారు. గేటు దగ్గర సంచులు వెతికి, అతని చిన్న కత్తెర తీసుకుని చీటీ ఇచ్చారు. చొక్కా కాలరు వెనక గుచ్చిన సూది ఎవరికీ కనబడలేదు. అది అతనికీ గుర్తులేదు. అతని పెళ్ళిలో కూడా అది అక్కడే ఉంది.

కౌంటరు దగ్గరికి రాగానే, అవతలి మనిషి నోరు తెరవకముందే చెప్పేశాడు. "ఒక పెద్ద టికెట్టు, అరవై దాటినావిడకొకటి, పాపకొకటి. పాపకి పదకొండు."

కౌంటరు మనిషి తల వంచి బుడ్డిని చూశాడు. "పదకొండా? తొమ్మిదనుకున్నా" అంటూ కంప్యూటర్లో కొట్టుకున్నాడు. తన పనికి అంత మంచి మాట టైలరు ఈ మధ్య వినలేదు. ఛాతీ ఒక అంగుళం పెరిగింది.

"ఎవరికి అరవై?" అంది వెనకనుంచి తల్లి. ఆవిడకు అరవై మూడు. "నాకు యాభై ఎనిమిది."

"అమ్మా, తగ్గింపు ఉందే."

"నాకేం తగ్గింపులు అక్కర్లేదు. నువ్వు పుట్టినప్పుడు నేనున్నాను. నేను పుట్టినప్పుడు నువ్వున్నావా?"

టైలరు తల్లికీ పూర్తి టికెట్టు డబ్బు తీశాడు. మనవరాలి దగ్గర మిగిలినదాంట్లో సగం నాయనమ్మ దగ్గర కరిగిపోయింది. పెద్దవాళ్ళ చేతికి ఎర్ర పట్టీ, పిల్లల చేతికి పసుపు పట్టీ చుట్టారు. ముసలావిడ ఎర్ర పట్టీని గాజులా తిప్పి తిప్పి చూసుకుంది.

లోపలికి రాగానే బుడ్డి నడవలేదు, పరిగెత్తింది. కొండచిలువ కింద కర్ర పక్కన వీపు నిటారుగా పెట్టి, మడమలు నేలకు ఆనించి నిలబడింది. తల గీత దాటింది. అక్కడి మనిషి చూసి "సరే" అన్నాడు. తర్వాత చెయ్యి చూశాడు.

"పసుపు పట్టీ ఎక్కకూడదు పాపా. నువ్వు అటెళ్ళు, బాతుల పడవలున్నాయి."

"ఎత్తు సరిపోయిందిగా!" అన్నాడు టైలరు.

"ఎత్తూ ఉండాలి, వయసూ ఉండాలి. పన్నెండు నిండాలి. ఈ ఏడాదే కొత్తగా పెట్టారు, బోర్డు మీద ఉంది చూడండి."

నిజంగానే ఉంది. ఏడాదిగా తండ్రీకూతుళ్ళిద్దరూ ఎత్తు గురించే ఆలోచించారు గాని ఆ రెండో వాక్యం ఎవరూ చదవలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదీ సంగతి.

"మీరు రండమ్మా, మీది ఎర్ర పట్టీయే" అన్నాడు ఆ మనిషి ముసలావిడతో. "చెప్పులు కింద వదిలెయ్యండి."

"వస్తాను, నాకేం భయం?" అని ఆవిడ చెప్పులు విడిచింది.

బుడ్డి ఏడవలేదు. ఎవరూ అడక్కుండానే వంగి, నాయనమ్మ చెప్పులు రెండూ తీసి ఒక చేత్తో పట్టుకుంది. కుడిది కుడికి, ఎడమది ఎడమకు పెట్టి, జారిపోకుండా. చేతికి బాగా అలవాటైన పనిలా చేసి, పక్కకు తప్పుకుని నిలబడింది.

టైలరుకు సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, నలుగురిలో చొక్కా చిరిగితే వేసే సిగ్గు. ఏడాదిగా పిల్ల ప్రతి ఆదివారం గుమ్మం దగ్గర నిలబడి అంగుళం అంగుళం పెరుగుతుంటే, తను నాలుగు రోజులు కూర్చుని ఆ పెరిగిందంతా టక్కుల్లో మడిచేశాడు.

"అమ్మా, నువ్విక్కడే ఉండు. మేమొచ్చేదాకా ఎక్కకు."

"చోటు పట్టుకుంటాను, తొందరగా రండి" అని ఆవిడ వెనకవాళ్ళను ముందుకు పంపుతూ వరసలో పాతుకుపోయింది.

పట్టీలు మార్చే గదిలో కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ కూర్చుని ఉంది. టైలరు బల్ల మీద డబ్బు పెట్టాడు. "తేడా కట్టేస్తానండీ. ఎర్ర పట్టీ ఇవ్వండి."

"డబ్బు ఒక్కటే కాదండీ. వయసు రుజువు కావాలి. మీ పాపకి పదకొండని మీరే చెప్పారు, కంప్యూటర్లో ఉంది."

"పన్నెండండీ."

"గంట కిందట పదకొండు."

"గంటలో..." అని ఆగిపోయాడు.

"గంటలో పెరిగింది" అని ఆవిడే పూర్తి చేసింది, నవ్వకుండా. "రోజూ చూస్తున్నాను. పిల్లలంతా గేటు దగ్గర తగ్గుతారు, కొండచిలువ దగ్గర పెరుగుతారు. జనం చెప్పేది వింటాను గాని నమ్మను. కాగితం ఉందా?"

కాగితం లేదు. భార్యకు ఫోన్ చేస్తే మోగింది గాని ఎత్తలేదు. డ్యూటీలో ఫోను అలమరలో పెట్టి తాళం వేస్తారు.

"కాగితం లేకపోతే నేను చూసి తేల్చుకోవచ్చు. ఆ మాత్రం అధికారం ఉంది" అని ఆవిడ కళ్ళజోడు సర్దుకుని బుడ్డిని కింద నుంచి పైదాకా చూసింది. బుట్ట చేతులు చూసింది. కుందేల్ని చూసింది. "మా అమ్మాయికి పదేళ్ళు. అదే దీనికంటే పెద్దగా ఉంటుంది. సారీ అండీ."

తన పనితనానికి ఒకే రోజున రెండో మెప్పు.

"నేను అబద్ధం చెప్పానమ్మా" అన్నాడు. కూతురు పక్కనే ఉంది. అయినా అన్నాడు. "దీనికి పన్నెండు నిండాయి. పదిహేను రోజులైంది. చిన్నగా కనబడాలని నేనే కుట్టాను ఇట్లా. నేను టైలర్ని."

అని కాలరు వెనక చెయ్యి పెట్టాడు. సూది దొరికింది. నేల మీద మోకాళ్ళేసి కూర్చున్నాడు. "కదలకు బుడ్డీ."

ముందు కుందేలు ఊడింది. దాన్ని జేబులో పెట్టుకున్నాడు. తర్వాత బో. తర్వాత బుట్ట చేతుల కుచ్చులు, అవి జారి మోచేతుల దాకా తిన్నగా పడ్డాయి. టక్కులు ఒకటి, రెండు, మూడు. కచ్చా కుట్టు కదా, సూది మొనతో లాగితే దారం బుద్ధిగా వచ్చేసింది. ఫ్రాకు మోకాళ్ళు దాటింది. బుడ్డి మెల్లమెల్లగా మెడ ఎత్తుతోంది, గుమ్మం దగ్గర నిలబడ్డట్టు. ఆఖరికి అంచు పట్టుకున్నాడు. లోపల నాలుగు వేళ్ళ మడత అతని కోసమే కూర్చున్నట్టు ఉంది. దాన్నీ విప్పి దించాడు. గుడ్డ పిక్కల దాకా వచ్చింది. చేత్తో ముడతలు సాపు చేసి, అలవాటుగా వేళ్ళతో లోపల తడిమి చూశాడు. ఇంక దించడానికి ఏమీ లేదు.

పైకి చూస్తే ఏడో క్లాసు పిల్ల ఒకతె అతని వంక చూస్తోంది. దారప్పోగులు వేళ్ళాడుతున్నాయి, ముడతల గీతలు కనబడుతున్నాయి, అయినా పన్నెండేళ్ళదే. ఎప్పుడు ఇంతైందో అతనికి తెలియలేదు. వారం వారం కొలిచింది తనే.

కళ్ళజోడావిడ బల్ల మీదికి వంగి చూస్తోంది. "చిన్నగా కనబడాలని కుట్టిన ఫ్రాకుకి ఆ మడత ఎందుకు పెట్టారు?"

"పెరిగే పిల్ల కదండీ."

ఆవిడ సొరుగులోంచి కత్తెర తీసింది. పసుపు పట్టీ కత్తిరించి, ఎర్రది చుట్టింది. తేడా డబ్బు పూర్తిగా లెక్కపెట్టుకుని రసీదు ఇచ్చింది. "మీ కొట్టు ఎక్కడ?" అంది. "మా అమ్మాయి బట్టలు ఎవరికిచ్చినా రెండు వేళ్ళే పెడుతున్నారు."

వాళ్ళు వెళ్ళేసరికి ముసలావిడ నలభై మందిని ముందుకు పంపేసి, వరసలో అక్కడే నిలబడి ఉంది. మనవరాలిని చూసి "ఇదెవరే?" అంది. బుడ్డి చెప్పులు విప్పడానికి వంగింది. అప్పటికే టైలరు చెయ్యి చాపి ఉన్నాడు.

"నువ్వు రావా నాన్నా? నీదీ ఎర్రదేగా."

"చెప్పులెవరు పట్టుకుంటారే?"

బుడ్డి ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. తర్వాత తన చెప్పులు అతని చేతికిచ్చింది, నాయనమ్మవి కూడా. కుడి ఎడమలు సరిచేసి మరీ ఇచ్చి, వెళ్ళిపోయింది.

రెండు జతలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే కొలత. కొండచిలువ కదిలింది. పైన అందరూ అరుస్తున్నారు, అందులో ఒక గొంతు అతనికి తెలుసు. పక్కన ఇంకొకాయన మూడు జతల చెప్పులతో నిలబడి తల పైకెత్తి చూస్తున్నాడు.

"మా అమ్మాయి" అన్నాడు టైలరు ఆయనతో. "పన్నెండు నిండాయి."

ఆయన అడగలేదు. టైలరు జేబులోంచి తొంగిచూస్తున్న కుందేలు వంక ఒకసారి చూసి, మంచిదన్నట్టు తలూపి, కొంచెం పక్కకు జరిగాడు.