తవుడు తిరిగి ఇవ్వబోయిన రోజు

నోటరీ గుమాస్తా చెప్పిందంతా విన్నాక జోగమ్మకు ఒకటి అర్థమైంది. కూతురి పేరు మార్చాలంటే లోకంలో ఉన్న కాగితాలన్నీ కావాలి. స్టాంపు పేపరు మీద అఫిడవిట్, రెండు పత్రికల్లో ప్రకటన, ఆపైన గెజిట్. పిల్లకింకా పదిహేడే. తండ్రి నూకరాజు పోయి రెండేళ్ళు. కాబట్టి సంతకం తల్లిదే.

ఆ పిల్ల ఇంట్లో అమ్ము, కాగితాల్లో తవిటమ్మ. భిలాయిలో ఆ పేరుకు అర్థం ఎవరికీ తెలియదు గనుక కొన్నాళ్ళు బాగానే గడిచింది. బుద్ధి గడ్డి తిని అమ్ము తనే ఒక స్నేహితురాలికి ఆ అర్థం చెప్పింది. ఆనాటి నుంచి క్లాసంతా దాన్ని 'చోకర్' అంటోంది. హిందీలో తవుడన్నమాట.

"ఆ పేరుతో కాలేజీకెళ్ళను మమ్మీ. ప్లీజ్, సైన్ కర్ దో. శ్రీజ అని పెట్టించు," అని వారం నుంచి ఏడుస్తోంది.

జోగమ్మకు ముందు పుట్టిన ఇద్దరూ ఏడాది తిరక్కుండానే పోయారు. మూడోది పుట్టగానే పక్క క్వార్టర్ పైడమ్మ, తమ ఊళ్ళో చేసినట్టే, జోగమ్మ ఒళ్ళో చేటెడు తవుడు పోసి పిల్లను కొనుక్కుంది. తవిటమ్మ అని పేరు పెట్టి, పెంచమని మళ్ళీ తల్లి చేతికే ఇచ్చింది. అలా అమ్మేసిన పిల్ల కోసం చావు ఆ గడప తొక్కదట. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. ఇద్దరిని మట్టిలో పెట్టిన తల్లికి నవ్వు రాలేదు. అమ్ము బతికింది.

మరి ఆ పేరు తియ్యాలంటే ముందు తవుడు తిరిగి ఇచ్చి పిల్లను విడిపించుకోవాలి. ఈ సంగతి ఏ గుమాస్తాకూ తెలియదు.

అందుకే సంతకానికి నోటరీ దగ్గరికి వెళ్ళే ముందు తల్లీకూతుళ్ళు స్మృతి నగర్‌లో ఆగారు. పైడమ్మ అక్కడ కొడుకింట్లో మంచం పట్టి ఉంది. అమ్ము గేటు దగ్గర స్కూటీ మీదే కూర్చుంది.

"ఎవల్నీ పోల్చుకోదు వదినా," అంది కోడలు శ్రీలక్ష్మి.

జోగమ్మ మంచం పక్కన కూర్చుని తవుడు మూట విప్పింది. "అత్తా, నాను జోగిని. నీ తవుడు నీకు తెచ్చినాను. నా పిల్లని నాకిచ్చీయే."

ముసలామె వేళ్ళు తవుడును తడిమాయి. కళ్ళల్లో వెలుగొచ్చింది. జోగమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"ఓలే జోగీ," అంది పైడమ్మ. జోగమ్మ కొంగు లాగి పరిచి, పిడికెడు పిడికెడు తవుడు అందులో పోసింది. "ఏడవకే. పిల్ల నాది. మరి దానికేటీ అవదు."

"అది కాదత్తా! ఇప్పుడు కొనుక్కోడం కాదు, ఇచ్చీడానికొచ్చినాను..."

ముసలామె అరచేతులు దులుపుకుని, తృప్తిగా కళ్ళు మూసుకుంది. ఎంత పిలిచినా తెరవలేదు. బయట హారన్ మోగింది.

"మమ్మీ! చలో! నోటరీ వెళ్ళిపోతాడు!"

జోగమ్మ ఆ తవుడును అలాగే కొంగున ముడేసుకుంది.

నెహ్రూ నగర్‌లో నోటరీ గుమాస్తా అఫిడవిట్ చదివి వినిపించాడు. తాను ఈ బాలికకు కన్నతల్లిననీ, ఈమె మీద సర్వహక్కులూ తనవేననీ ప్రమాణం చేస్తున్నట్టు. అమ్ము ఊపిరి బిగబట్టి తల్లి ముఖంలోకే చూస్తోంది. సంతకం పెట్టకపోతే కూతురి ముఖం ఏమవుతుందో జోగమ్మకు తెలుసు. పెడితే ఏమవుతుందో తలుచుకోవడానికి కూడా భయమేసింది. ఏం చెయ్యగలదు? పెట్టింది.

అమ్ము ఆనందం పట్టలేక స్కూటీని పరుగెత్తించింది. వెనక కూర్చున్న జోగమ్మ ఒక చేత్తో కూతురి నడుమునూ, ఒక చేత్తో కొంగు ముడినీ గట్టిగా పట్టుకుంది.

"మెల్లిగెల్లవే తవిటమ్మా," అంది. "మెల్లిగెల్లవే."

పదిహేడేళ్ళలో ఆమె కూతుర్ని ఆ పేరుతో పిలవడం అదే మొదటిసారి.