నేతగాని బిడ్డకొక సీటు

తెగిన పోగును ఉమ్మితో తడిపి, రెండు వేళ్ల మధ్య మెలిపెట్టి ముడి వేస్తున్నాడు ఎర్రప్ప. మగ్గం గుంటలోకి కాళ్లు వేలాడేసి కూర్చున్నప్పుడు ఆయన నడుము నిటారుగా ఉంటుంది. లేచి నిలబడితేనే వంగిపోతుంది. నలభై ఏళ్లు తొక్కి తొక్కి కుడిపాదం వెడల్పయింది. తొమ్మిదింటికి పిల్లలు వచ్చేలోగా పడుగు సిద్ధం కావాలని, రోజూ ధర్మవరంలో తొలి రైలెక్కి పెనుకొండ కాలేజీకి వస్తాడు.

అక్కడ చేనేత డిజైను కోర్సు పెట్టించింది పట్టుచీరల వ్యాపారి ఆదెప్ప. యూనివర్సిటీ ఒప్పుకుంది గానీ పైసా ఇవ్వలేదు. గది, మగ్గాలు, కంప్యూటర్లు అన్నీ ఆయన విరాళమే. ఆయన తల్లి రామసుబ్బమ్మ పేరిట ఏటా ఒక నేతగాని బిడ్డకు ఉచితంగా సీటు, హాస్టలు.

"నీ మగ్గం తీసెయ్ ఎర్రప్పా, వచ్చి పిల్లోల్లకు నేర్పు. నీ బిడ్డ సాయిసుధ ఇంటరు అయినాక ఆ సీటు ఆ పాపదే" అన్నాడు ఆదెప్ప మూడేళ్ల కిందట, భుజం మీద చెయ్యేసి. ఇరవై ఏళ్లు ఆయనకే చీరలు నేసిన ఎర్రప్ప ఆ మాట నమ్మాడు. ఇంట్లో మగ్గం విప్పి గుంట పూడ్చాడు. పూడ్చినచోటే చాప పరుచుకుని సాయిసుధ ఇంటరు చదివింది.

కోర్సు మంచిదే. పరిగి కూలీల బిడ్డ హరిత ఇక్కడే నేర్చుకుని బెంగుళూరులో ఉద్యోగం తెచ్చుకుంది. తొలి జీతంతో ఎర్రప్పకు కళ్లద్దాలు కొనిచ్చింది. ఆయన్ను జీవితంలో 'సార్' అని పిలిచింది ఆ కోర్సు పిల్లలే.

పదకొండింటికి ఆఫీసు గోడకు జాబితా అంటించారు. రామసుబ్బమ్మ సీటు శివకృష్ణకు వచ్చింది. ఆదెప్ప బామ్మర్ది కొడుకు. వాళ్లింట్లో నలభై మగ్గాలున్నాయి, నేసేవాళ్లు వేరే.

"ఏం పార్వతమ్మా, మా పాప పేరు లేదే?" గుమాస్తాను అడిగాడు.

ఆమె తలెత్తలేదు. "నేసేవాళ్ల పిల్లోల్లకు గదప్పా ఈ సీటు. కాగితాల్లో నువ్వు అటెండరువి. మగ్గం తీసినప్పుడే నీ చేనేత సంఘం కార్డు తీసేసినారు. వాళ్లకు కార్డుంది."

జాబితా అడుగున సంతకం ఎవరిదో చదవక్కర్లేకుండానే తెలిసింది ఆయనకు. ఆ వంకర గీత ఇరవై ఏళ్లు ఆదెప్ప కూలి చీటీల మీద చూసిందే.

మధ్యాహ్నం మీటింగుకు వచ్చిన ఆదెప్ప కారు దిగుతుంటే ఎదురెళ్లాడు.

"మగ్గం తీసేయమన్నింది మీరు గదా సావుకారూ."

"రూలు యూనివర్సిటీది ఎర్రప్పా. నేనేం జేసేది? వచ్చే ఏడు చూద్దాంలే." గడియారం చూసుకుంటూ లోపలికి నడిచాడు.

ఎర్రప్ప క్లాసుకు తిరిగొచ్చాడు. నాలుగింటిదాకా మామిడిపిందె బుటా నేర్పించాడు. పోగు తప్పిన ఒక పిల్ల చెయ్యి పట్టుకుని పేక సరిచేశాడు. గొంతు మారలేదు. ఎవరికీ అనుమానం రాలేదు.

"రేపు జరీ ఎక్కిద్దామా సార్?" అడిగింది ఆ పిల్ల.

"మీరే ఎక్కియ్యండి తల్లీ. చెయ్యి కుదిరింది మీకు."

పిల్లలు వెళ్లాక గది ఊడ్చాడు. ఐదింటి బండికి బనీను మీద తువ్వాలు కప్పుకుని బయల్దేరాడు. ఇంటిదగ్గర సాయిసుధ వాకిట్లోనే నిలబడి ఉంటుంది. 

కాలేజీ వాళ్లిచ్చిన నీలం అటెండరు చొక్కా క్లాసులో మగ్గం పలక మీద మడతపెట్టి ఉంది, మోచేతి దగ్గర ఒక ఎర్ర పట్టుపోగు ఇంకా అంటుకునే.