ఆరని గోధుమరంగు

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మ్యూజియంలో పాత రంగుల చిత్రాలు బాగుచేసే పెద్దకూతురి విషయంలో ఆమె తండ్రి ఈ సామెతను ఏళ్ళ తరబడి తు.చ. తప్పకుండా పాటించాడు. ఎవరెవరు వేసిన బొమ్మలో ఆమె చేతికి వచ్చాయి, ఆయన వేసింది తప్ప. పైగా ఇంటికి వెళితే "బొమ్మల డాక్టరుగారు భోంచేస్తారా?" అని ఎగతాళి. అలాంటి మనిషి ఈరోజు చిన్నకూతురి బొమ్మను దుప్పటిలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని, తానే మోసుకొచ్చాడు. ఇక చేయడానికేమీ మిగల్లేదని మూట విప్పకముందే ఆమెకు తెలిసిపోయింది.

దుప్పటి తీసింది. చెల్లెలి ఎడమకన్ను చెంప మీదికి జారి ఉంది.

చెల్లెలు ఏడేళ్ళప్పుడు జ్వరంతో పోయింది. దానికి కొద్ది నెలల ముందు తండ్రి వేసిన బొమ్మ ఇది. ఇంట్లో చిత్రకారుడుండగా ఫొటోలెందుకని ఆయన కెమెరాను గడప తొక్కనివ్వలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. బడిలో తీసిన ఒకే ఒక్క ఫొటోలో చిన్నది సరిగ్గా ఆ క్షణానికే తల తిప్పేసుకుంది. కాబట్టి ఆ పిల్ల ముఖం లోకంలో ఈ ఒక్క కాన్వాసు మీదే ఉంది.

ఆ కళ్ళ కోసం ఆయన తారు కలిసిన గోధుమరంగు వాడాడు. వేసిన కొత్తలో దాన్ని మించిన రంగు లేదు, చూపులో తడి ఉన్నట్టే ఉంటుంది. చిక్కల్లా ఏమిటంటే అది ఎన్నటికీ పూర్తిగా ఆరదు. పైపొర గట్టిపడినా లోపల మెత్తగానే ఉండి, ఎండలు ముదిరితే మెల్లగా కిందికి దిగుతుంది. అందుకని ఆయన ప్రతి ఎండాకాలం బొమ్మను తలకిందులుగా వేలాడదీసి, జారిన కళ్ళను వెనక్కి రప్పించేవాడు. వచ్చినవాళ్ళు మెడలు వంకరతిప్పి చూసి నవ్వాపుకునేవారు. అమ్మ బతికున్నన్నాళ్ళూ ఆ నెలల్లో ఆ గదిలోకి అడుగుపెట్టలేదు. అలా వచ్చీ పోయీ పైపొర ముడతలు పడి, చిట్లి, ఈ ఏడు కన్ను వెనక్కి రావడం మానేసింది.

ఆమె భూతద్దం పెట్టి చూసింది. పుల్లకి దూది చుట్టి అంచున తాకించింది. ఇన్నేళ్ళకీ మెత్తగానే ఉంది.

"పైన కొత్త రంగు వేసెయ్," అన్నాడు తండ్రి.

"కింద కదులుతుంటే పైన ఏం వేసినా చిట్లిపోతుంది నాన్నా. గీకితే కన్నే పోతుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు."

"మరి ఇన్నేళ్ళూ ఏం నేర్చుకున్నావే?"

ఆమెకు ఒళ్ళు మండింది. ఈ బొమ్మ కోసమే ఈ పని నేర్చుకుంది. ఆ మాట ఎన్నడూ ఆయనతో అనలేదు, ఇప్పుడు అని లాభం లేదు.

"ఇకమీద జారకుండా మాత్రం ఆపొచ్చు," అంది.

పక్కనున్న చల్లగదిలోకి తీసుకెళ్ళి, గోడ పొడవునా ఉన్న ఇనప సొరుగుల్లో ఒకటి లాగి చూపించింది. "ఇందులో వెల్లకిలా పెట్టాలి. చల్లగా, చీకటిగా ఉండాలి. మళ్ళీ నిలబెట్టకూడదు."

అన్నాకగానీ తానేమందో ఆమెకు తెలియలేదు. తండ్రి ఆ సొరుగును రెండు చేతులతో నెమ్మదిగా లోపలికి తోసేశాడు.

"ఒకసారి పడుకోబెట్టాం. చాల్లే."

మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నారు. ఆయన బల్ల మీది కాగితాలను ఆమె వైపు జరిపాడు. "పోనీ, నువ్వు వెయ్యి. కొత్తగా. నా చెయ్యి వణుకుతోంది. మీరిద్దరూ ఒకే మంచం మీద పడుకునేవాళ్ళు. ఆ కళ్ళు నాకంటే నువ్వే ఎక్కువ చూసుంటావు."

ఆయన ఆమెను బొమ్మ వెయ్యమనడం అదే మొదలు. ఆమె కాగితం తీసుకుంది. నుదురు వచ్చింది, కనుబొమ్మలు వచ్చాయి. అక్కడ పెన్సిలు ఆగిపోయింది. కళ్ళు మూసుకుని వెతికింది. చెల్లెలి గొంతు దొరికింది, మోకాలి మీది పుండు దొరికింది, దుప్పటి లాక్కునే మొండితనం దొరికింది. చూపు దగ్గరికి వచ్చేసరికి తండ్రి వేసిన గోధుమరంగే అడ్డం నిలబడింది.

"గుర్తు రావట్లేదు నాన్నా," అంది. "నీ బొమ్మలోవే కనిపిస్తున్నాయి."

తిడతాడనుకుంది. ఆయన తలవంచుకుని బొమ్మకు దుప్పటి చుడుతున్నాడు.

"నాకూ అంతేనే. వేసిన ఏడాదికే మర్చిపోయాను," అన్నాడు. "నీకైనా గుర్తుంటాయనుకున్నాను. అడిగితే లేవంటావేమోనని ఇన్నాళ్ళూ రాలేదు."