తప్పులు ముందు, చాయ్ తర్వాత

నాకు షుజాత్ భాయ్ మీద కోపం ఇంకా తగ్గలేదు. మనిషి మంచివాడే, కాదనను. గగన్‌పహాడ్‌లో కంపెనీ ఉద్యోగం చేసి రిటైరయ్యాక, శంషాబాద్‌లో నా టైలరింగ్ షాపు పైగదిలో పుస్తకాలు చదివేవాళ్ళని కూర్చోబెట్టింది ఆయనే. నెలకో పుస్తకం చదువుతాం, ఓ ఆదివారం మధ్యాహ్నం దాని మీద మాట్లాడుకుంటాం. అంతవరకు బాగానే ఉంది. ఆయన పెట్టిన ఒక నియమమే మా కొంప ముంచింది.

మొదట్లో అందరం ఏ పుస్తకాన్నైనా "బాగుంది బాగుంది" అనేసి, బిస్కెట్లు తిని ఇళ్ళకు పోయేవాళ్ళం. ఆయనకు ఒళ్ళు మండింది. ముందు తప్పులు, తర్వాత చాయ్, చాయ్‌తో పాటే మెప్పు అని తేల్చేశాడు. చాయ్ రాకముందు ఒక్క మంచి మాట వినబడినా ఊరుకోడు. పుస్తకం ఎవరికి ఎక్కువ నచ్చితే చివర్లో మెచ్చుకునే వంతు వాళ్ళది. ఈసారి ఆ వంతు నాది.

అది ప్రేమలత గారి మొదటి నవల. ఎప్పటి కాలమో, కృష్ణ ఒడ్డున ఒక బౌద్ధ విహారం. వానాకాలమంతా భిక్షువులు ఎటూ పోకుండా ఒక్కచోటే ఉండాలి. ఆ రోజుల్లో వైద్యం చేసే ముసలి భిక్షువును ఎవరో చంపేస్తారు. వాగు పొంగి బయటివాడు రాలేడు కనుక, చంపింది లోపలివాడే. అబ్బా, ఏం పుస్తకమది! చదువుతూ చదువుతూ ఒకావిడ జాకెట్‌కి చేతులు రెండూ ఒకే వైపువి కత్తిరించాను. హంతకుడు దొరికిపోయి, వాణ్ణి తీసుకుపోయాక, మర్నాడు మిగతా భిక్షువులు వాడి భిక్షాపాత్రను కూడా కడిగి తమ పాత్రల వరుసలోనే పెడతారు. ఆ పేజీ దగ్గర నేను మిషను ఆపేసి ఏడ్చాను.

ప్రేమలత గారు విశాఖలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యారు. పుణే పోతూ ఇక్కడ విమానం మారాలట, మధ్యలో నాలుగు గంటలు ఖాళీ. షుజాత్ భాయ్ ఫోన్లో పిలిస్తే ఎయిర్‌పోర్టు నుంచి కారు మాట్లాడుకుని వచ్చేశారు. సన్నటి మనిషి. మెట్లెక్కి ఆయాసపడుతూ కూర్చుని, ముందే చెప్పేశారు.

"రెండో భాగం సగం రాసి ఆపేశానండీ. పబ్లిషర్ గారు అడుగుతున్నారు. చుట్టాలేమో బాగుందంటారు, పుస్తకం తెరవరు. చదివినవాళ్ళ మధ్య కూర్చోవడం ఇదే మొదలు. మీరు చెప్పినదాన్ని బట్టి రాయాలో మానాలో తేల్చుకుంటాను."

ఇంకేం, మావాళ్ళు నడుం బిగించారు. ఎయిర్‌పోర్టు కార్గోలో పనిచేసే అరవింద్ మొదలుపెట్టాడు.

"మేడమ్, చంపింది ఎవరో నాకు సగంలనే ఎరుకైంది. వంటశాల కాడ గంత సేపు వాణ్ణే ఎందుకు చూపెట్టిండ్రు?"

స్కూల్లో సైన్స్ చెప్పే ఇరం అందుకుంది. "ఆడమనిషి నోరు తెరిచేసరికి ఆఖరు పేజీ వచ్చి పుస్తకం ఒడిసిపోతుంది మేడమ్. అట్లెందుకు?"

"రాళ్ళు, స్తంభాలు జర ఎక్కువైనయమ్మా. కథ ఆడనే ఆగుతుంది," అన్నాడు షుజాత్ భాయ్.

నేనూ తక్కువ తిన్నానా? "పేర్లన్నీ ఒక్క తీరుగనే ఉన్నయమ్మా. ధర్మరక్షితుడు, సంఘరక్షితుడు, బుద్ధరక్షితుడు. సచ్చినాయనెవరో బతికున్నాయనెవరో నాకు పరేషానైంది," అన్నాను. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వారు.

మేం ఒక పుస్తకాన్ని ఇంతసేపు తిట్టామంటే అది మాకు ప్రాణమన్నమాట. నచ్చని పుస్తకానికి రెండు తప్పులు చెప్పి వదిలేస్తాం. కానీ ఆ సంగతి ఆమెకెట్లా తెలుస్తుంది? మా నియమం ఆమెకు చెప్పినవాళ్ళే లేరు! నేను చెప్పానని షుజాత్ భాయ్ అనుకున్నాడు, ఫోన్ చేసినప్పుడు ఆయనే చెప్పాడని నేననుకున్నాను. ఆమె తల ఊపుతూ అన్నీ విన్నారు. ఒక్క తప్పుకీ ఎదురు చెప్పలేదు. మర్యాద అనుకున్నాను నేను, మొద్దుని.

కింద హోటల్లో చాయ్ చెప్పి వచ్చాం. అంతలో కారు డ్రైవర్ పైకొచ్చాడు.

"అమ్మా, జల్ది పోదాం. ఎవరో పెద్దమనిషి వస్తుండంట, ఎయిర్‌పోర్టు రోడ్డు మీద బండ్లు ఆపుతున్నరు. ఇప్పుడు లేవకుంటే విమానం అందదు."

ఆమె గబగబా లేచారు. నేను చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతూ, "అమ్మా, పుస్తకం శాన మంచిగుంది. రెండోది తప్పక రాయున్రి," అన్నాను. ఆమె నా చెయ్యి తట్టి, "చాలా మంచివారండీ మీరు," అన్నారు. కారు పోయింది. నియమాన్ని తగలెయ్య, ఆ మాట నేను పైనే అందరి ముందూ అరిచి చెప్పాల్సింది.

నలుగురం మెసేజ్‌లు పెట్టాం. అన్నిటికీ చేతులు జోడించిన బొమ్మ వచ్చింది, అంతే. నాకు మనసాగక మూడో రోజు ఫోన్ చేశాను. ఆ భిక్షాపాత్ర పేజీ గురించి, నేను మిషను ఆపి ఏడ్చిన సంగతి, అన్నీ చెప్పాను. ఆమె ఓపిగ్గా విన్నారు.

"మరి నేను మీ ఎదురుగా కూర్చున్నప్పుడు ఒక్కరూ ఆ మాట అనలేదేమండీ?"

"చాయ్ రాకముందు మంచిమాట అనొద్దని మాకో రూలుందమ్మా. తప్పులే ముందు చెప్పాలె. ఇగ మెచ్చుకుందామంటే మీరు లేచిపోతిరి. ఒట్టు, గింతే జరిగింది."

ఆమె మెల్లగా నవ్వారు. వెటకారం లేదు ఆ నవ్వులో, అదే నాకు ఎక్కువ బాధ.

"కథ బాగా అల్లారండీ అనంతమ్మ గారూ. నన్ను ఊరడించడానికి ఎంత శ్రమపడ్డారో!"

"అయ్యో, కథ కాదమ్మా..."

"ఫర్వాలేదండీ. రెండో భాగం రాయనని పబ్లిషర్ గారికి నిన్ననే చెప్పేశాను. మనసు తేలికపడింది. ఇన్నాళ్ళకు నాకు నిజం మొహాన చెప్పింది మీరేనండీ. షుజాత్ గారికీ, అరవింద్‌కీ, ఇరంకీ నా థాంక్స్ చెప్పండి."

చెప్తానమ్మా అన్నాను.