తాబేళ్ళ ఆకాశం

ఇనుప తాబేలు చేతిలో ఆ సాయంత్రం కూడా ఓంప్రకాష్ చచ్చాడు.

నిజానికి చచ్చింది టీవీలోని ఉడుత. కానీ ఆట రిమోట్ పక్కన పెట్టి, కళ్ళద్దాలు తీసి, గోడకు చేరగిలపడ్డ ఆయన ముఖం చూస్తే ఎవరైనా పెద్ద తేడా లేదనే అనుకుంటారు.

అదొక పాత టీవీ గేమ్. ఉడుత గట్టు మీంచి గట్టు మీదికి దూకుతూ, కాయలు ఏరుకుంటూ పోతుంటుంది. మొత్తం మూడు క్యాసెట్ల ఆట. మూడింటిలోనూ దానికి శత్రువు తాబేలే. మొదటి క్యాసెట్లో నేల మీద పాకేది, రెండోదాంట్లో నీళ్ళలో ఈదేది. మూడోదానికి వచ్చేసరికి పొట్ట కింద నిప్పులు కక్కే గొట్టాలు మొలిచి ఆకాశంలోకి లేచింది. మరచీలలు బిగించిన చిప్ప, ఎర్ర దీపాల్లాంటి కళ్ళు. ఒక్క దెబ్బకు చావదు. దెబ్బ తగలగానే చిప్ప నిండా ముళ్ళు లేస్తాయి. రెండో దెబ్బ కొడదామని మీదికి దూకిన ఉడుత ఆ ముళ్ళ మీద పడి ఖతం అవుతుంది.

ఆట ఆయనది కాదు, శ్యామలది. కూతురు స్పందన చిన్నప్పుడు ముచ్చటపడి కొనిపించుకున్న డబ్బాను, స్పందనకు మోజు తీరాక తల్లి పట్టుకుంది. సాయంత్రం దీపం పెట్టి, వంట ముగించి, చాప వేసుకుని టీవీ ముందు కూర్చునేది. సూర్యాపేట మార్కెట్ దగ్గర ధాన్యం దుకాణం మూసి వచ్చిన ఓంప్రకాష్, వెనక కుర్చీలో చాయ తాగుతూ అరిచేవాడు.

"కొట్టు! కొట్టరాదె దాన్ని! ఏం జూసుకుంట కూసున్నవ్?"

ఆమె కొట్టేది కాదు. అటు జరిగి ఇటు జరిగి, చివరికి ఎక్కడో జారి పడేది. ఆయన నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది, కాస్త ఆలస్యంగా.

కిందటేడు దవాఖానకు పోయే ముందు రోజు కూడా ఆడింది. ఆడి ఆపేసి, "ఈ తాబేళ్ళ ఆకాశం ఒక్కటి దాటితే సాలు. ముంగట అంత సల్లగ ఉంటదట. ఒచ్చినంక దాటుత," అంది.

రాలేదు.

క్యాసెట్లో మూడు గళ్ళుంటాయి, ఎవరి ఆట వాళ్ళు దాచుకోవడానికి. మొదటి గడిలో శ్యామల పేరు. పేరు పక్కన ఒకే ఒక్క ఉడుత బొమ్మ. అంటే ఒక్క ప్రాణమే మిగిలింది. అది కూడా పోతే ఆ గడి దానంతటదే తుడిచిపెట్టుకుపోతుంది. అందుకని ఓంప్రకాష్ దాన్ని ముట్టుకోలేదు. రెండోది స్పందన చిన్నప్పటి ఆట. మూడో గడిలో తన ఆట మొదలుపెట్టాడు. తాబేలును దాటడం చేతికి వచ్చిన రోజు ఆమె గడి తెరిచి, ఆమె ఉడుతను కూడా దాటించాలన్నది ఆయన ఆలోచన. ఇంట్లో ఇంకొక మనిషి అలికిడి లేని సాయంత్రాలకు అదొక పని. కానీ చేతికి రాలేదు. పొద్దంతా దుకాణంలో అలిసి వచ్చిన వేళ్ళు, ముసలి వేళ్ళు, ఒక క్షణం ఆలస్యంగానే కదిలేవి.

మర్నాడు టీవీ పెట్టేసరికి రెండో గడీ మూడో గడీ ఖాళీగా ఉన్నాయి. మొదటి గడిలో శ్యామల పేరు ఒకసారి వెలిగి, ఒకసారి ఆరి, మళ్ళీ నిలబడింది. ఆయన గబుక్కున స్విచ్ ఆపేసి మిర్యాలగూడలో ఉన్న స్పందనకు ఫోన్ చేశాడు.

"క్యాసెట్ లోపల బ్యాటరీ ఉంటది నాన్నా, గుండీ అంత. అది అయిపోవచ్చింది. రేపో ఎల్లుండో అమ్మది కూడ పోతది."

"కొత్తది ఏపిస్తే?"

"కొత్తది ఎయ్యాలంటే పాతది తియ్యాలె గద. తీసుడుతోనే లోపల ఉన్నయన్ని పోతయి."

"అంటే ఎట్ల జూసినా పోవుడే."

స్పందన, "పోయేలోపట నువ్వే దాటియ్యి నాన్నా," అంది. "కోదాడల పిన్నిని అడుగు. సెలవులల్ల అమ్మ పక్కన కూసునేది ఆమెనే గద, ఎట్ల దాటాల్నో తెల్సి ఉంటది. ఆడికెంచి సీద ఇటే రా. స్టేషన్ కాడ ఫకీరా అని రిపేర్ చేసేటాయన ఉన్నడు. దాటినంక బ్యాటరీ ఎయ్యిపిద్దాం."

ఆ రాత్రి ఆయనకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఉన్నది ఒక్క ప్రాణం. తన చేతగానితనంతో చంపితే శ్యామల ఆట ఓటమితో ముగుస్తుంది. చేతులు ముడుచుకుని కూర్చుంటే ఆకాశం మధ్యలోనే మాసిపోతుంది. ఈ రెంటిలో ఏది తక్కువ అన్యాయమో ఎంత ఆలోచించినా తేలలేదు.

పొద్దున్నే గుమాస్తా రామనర్సయ్యకు దుకాణం అప్పజెప్పి, గేమ్ డబ్బాను పాత తువాలులో చుట్టి సంచిలో పెట్టుకుని కోదాడ బస్సెక్కాడు. బస్సు కిక్కిరిసి ఉంది. సంచిని పొట్టకు హత్తుకుని నిలబడ్డ ఆయనను చూసి కండక్టరమ్మ, "పెద్దాయనా, సంచి పైన పెట్టరాదు?" అంది.

"వద్దమ్మా, అదురుతది."

"ఏమున్నయ్ అండ్ల, కోడిగుడ్లా?"

"గుడ్లకంటె నాజూకు."

ఆమె తన సీట్లో పెట్టుకున్న టిఫిన్ డబ్బా తీసి ఒళ్ళో పెట్టుకుని, పక్కన చోటు చూపించింది. మునగాల దాటేదాకా ఓంప్రకాష్ కిటికీలోంచి వరి మడులను చూస్తూ కూర్చున్నాడు. ఎవరో ఒకరు జరిగి చోటిస్తే చాలు, మనిషి ఇంకొంత దూరం పోగలడు అనిపించింది.

శ్యామల చెల్లెలు కల్పన కోదాడలో బడి టీచరు. గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"ఇంత ఎండలో ఆ సంచి మోసుకొచ్చారా బావా! ఫోన్ చేస్తే నేను రానా? ముందు మజ్జిగ తాగండి, తర్వాత మాట."

మజ్జిగ తాగుతూ ఆయన సంగతంతా చెప్పాడు. ఆమె ఇంట్లో గోడకున్న కొత్త టీవీకి ఆ పాత వైర్లు పట్టే రంధ్రాలే లేవు. ఆడి చూసుకునే వీలు లేదు, నోటితో చెప్పడమే.

"అసలు మీరెలా ఆడుతున్నారో చెప్పండి."

"ఎట్లేంది? ఎగిరి కొడ్తున్న. ముళ్ళు లేస్తున్నయ్. సస్తున్న."

"కొడుతున్నారా?" కల్పన కళ్ళు పెద్దవి చేసింది. "అక్క ఎప్పుడూ దాన్ని కొట్టలేదు కదా! మీకు తెలీదా?"

"బయపడేదనుకున్న."

"భయమా, మా అక్కకా!" కల్పన నవ్వింది. "మీ దుకాణంలో గద్దె పక్కన నీళ్ళగిన్నెలో ఇత్తడి తాబేలు ఉందా లేదా?"

ఉంది. శ్యామల కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు ఆమెకు అప్పజెప్పిన మొదటి పని అది. రోజూ పొద్దున ఆ గిన్నెలో నీళ్ళు మార్చి, బొట్టు పెట్టి, మొక్కాకే దుకాణంలో మొదటి బస్తా కాంటా మీదికి ఎక్కాలి. ఆమె పోయిన తర్వాత ఆ నీళ్ళు ఓంప్రకాషే మారుస్తున్నాడు. రోజూ పొద్దున తాబేలుకు మొక్కి, రోజూ సాయంత్రం తాబేలును కొడుతున్నాడు. ఈ రెండింటినీ కలిపి ఆలోచించాలన్న ఊహే ఆయనకు ఎన్నడూ రాలేదు.

"'పొద్దుగాల నీళ్ళు వోసి మొక్కినదాన్ని పొద్దుమీకి తన్నుమంటడే మీ బావ, కండ్లు పోవా?' అనేది అక్క," కల్పన గొంతు ఒక్క క్షణం అచ్చం శ్యామల గొంతులా పలికింది. "ఇనుపదైనా, ఆ ఆటలో రాక్షసుడు చేసి వదిలిందైనా తాబేలు తాబేలే, కూర్మావతారం అనేది. మూడు క్యాసెట్లలోనూ ఒక్క దెబ్బ వెయ్యలేదు."

"మరి ఎట్ల పోయేది?"

"అది కిందికి దిగినప్పుడు పైనుంచి మెల్లగా వీపు మీదికి దిగేది. కింది మీట నొక్కి ఉడుతను కూర్చోబెట్టేది. కొట్టకపోతే ముళ్ళు లేవవు బావా! బస్సెక్కి కూర్చున్నట్టే. అదే మోసుకుపోతుంది."

"అంత తెల్సినామె మరి ఎందుకు సచ్చేది?"

కల్పన చెప్పాలా వద్దా అన్నట్టు చూసింది. "కుదురుగా కూర్చోబోయే వేళకి మీరు వెనకనుంచి 'కొట్టు కొట్టు' అని అరిచేవారంట. ఉలిక్కిపడి ఏదో మీట నొక్కేసేది."

ఓంప్రకాష్ ఖాళీ గ్లాసు కింద పెట్టాడు. పెట్టాక మళ్ళీ తీసి, ఇంకొంచెం పక్కకు పెట్టాడు.

"నాతోటి ఒక్క ముక్క చెప్పొచ్చు గద."

"చెప్తే ఆటలో దేవుడేందని నవ్వుతారంది. నవ్వేవారా కాదా?"

"నవ్వేటోన్ని," అన్నాడాయన.

కల్పన పప్పు, పెరుగు వేసి అన్నం పెట్టింది. బయల్దేరేటప్పుడు తువాలు విప్పి, డబ్బాను ఇంకొక మెత్తటి పాత చీరలో చుట్టి ఇచ్చింది. అది శ్యామల ఎప్పుడో వదిలి వెళ్ళిన చీర.

హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ చేరేసరికి మధ్యాహ్నం వాలింది. మిల్లుల ముందు లారీలు బారులు తీరి ఉన్నాయి. ఉడికిన వడ్ల వాసన, గాలిలో ఊక. స్పందన బస్టాండులోనే ఎదురుచూస్తోంది. నాన్న చేతిలో సంచి తీసుకోబోయి, చుట్టిన చీర అంచు చూసి, మళ్ళీ ఆయన చేతిలోనే ఉంచేసింది.

ఫకీరా దుకాణం స్టేషన్ రోడ్డులో ఇరుకు గది. విప్పేసిన మిక్సీలు, రెక్కలు లేని ఫ్యాన్లు, మూలన పాత పెట్టె టీవీ. ఫకీరా నలభై ఏళ్ళ మనిషి, మాటకారి.

"వారెవ్వా, గిది ఏడ దొరికింది సేటూ! మా తండల అందరం ఒక్క దీని ముంగటనే కూసునేటోళ్ళం." వైర్లు పెట్టాడు. "పోతే పోయిందని తిట్టొద్దు మరి. స్విచ్ ఏస్తున్న."

తెర మీద చారలు వచ్చాయి. తర్వాత మూడు గళ్ళు. రెండు ఖాళీ. మొదటిదాంట్లో శ్యామల పేరు సన్నగా వణుకుతూ ఉంది. పక్కన ఒక్క ఉడుత. స్పందన ఊపిరి వదలడం ఆయనకు వినిపించింది.

ఆయన స్టూలు మీద కూర్చుని మొదటిసారిగా ఆ గడి తెరిచాడు.

ఆకాశం వచ్చింది. నీలం కాదు, సాయంత్రపు రంగు. మబ్బుల గట్లు. దూరంగా గొట్టాల్లోంచి నిప్పులు కక్కుకుంటూ తాబేలు. ఆయన బొటనవేలు దానంతటదే కొట్టే మీట మీదికి పోయింది. ఇన్ని నెలల అలవాటు. తాబేలు దగ్గరికొచ్చింది, ఎర్ర కళ్ళు వెలిగాయి.

"కొట్టు సేటూ!" వెనకనుంచి ఫకీరా ఒక్క అరుపు అరిచాడు. "అగో, ఒచ్చింది! కొట్టు కొట్టు!"

ఓంప్రకాష్ ఉలిక్కిపడ్డాడు. రిమోట్ చేతిలోంచి జారబోయింది. ఉడుత మబ్బు అంచుదాకా పోయి, వెనక్కూ ముందుకూ ఊగి నిలిచింది. అప్పుడు ఆయనకు అర్థమైంది, వెనక కుర్చీలోంచి వచ్చే అరుపు ముందు చాప మీద కూర్చున్న మనిషిని ఏం చేస్తుందో.

"అన్నా, కొట్టద్దు," అంది స్పందన ఫకీరాతో మెల్లగా. "జర గమ్మునుండు."

"కొట్టకుంట ఎట్ల పోతడమ్మా?"

"పోతడు. సూడు."

ఆయన కొట్టే మీట మీంచి వేలు పూర్తిగా తీసేశాడు. తాబేలు ఒకసారి పైకి లేచి, అలిసినట్టుగా కిందికి దిగింది. ఉడుత దూకింది. చిప్ప మీద పాదాలు ఆనగానే ఆయన కింది మీట నొక్కాడు. ఉడుత తోక చుట్టుకుని కూర్చుంది. ముళ్ళు లేవలేదు. ఎర్ర కళ్ళు ఆరిపోయాయి. తాబేలు తన దారిన తాను మబ్బుల మధ్యలోంచి ఎగురుతూ పోయింది, బరువు మోయడం కోసమే పుట్టిన ప్రాణిలాగా.

బయట ఏదో గూడ్సు బండి పోతుంటే మిక్సీ గిన్నెలు గలగలమన్నాయి.

చాలా దూరం పోయాక తాబేలు ఒక గట్టు పక్కన ఆగి, గాలిలో ఊగుతూ నిలబడింది. దిగాలి. ఓంప్రకాష్ తొందరపడలేదు. తాబేలు కూడా తొందరపెట్టలేదు. ఊగి ఊగి గట్టుకు సమంగా వచ్చినప్పుడు మీట నొక్కాడు. ఉడుత ముందరి కాళ్ళు గట్టు అంచును పట్టుకున్నాయి, వెనక కాళ్ళు గాలిలో తన్నుకున్నాయి, పైకి పాకింది. గేటు తెరుచుకుంది. ఆకాశం తొలగిపోయి తెర మీద పచ్చటి మైదానం, నడుమ ఒక వాగు. శత్రువు లేడు. శ్యామల చెప్పినట్టే, చల్లగా ఉంది.

తెర మూలన మొదటి గడి మెరిసింది. ఆట దాచుకున్నట్టు గుర్తు.

ఫకీరా చప్పట్లు కొట్టబోయి, స్పందన ముఖం చూసి ఆగాడు.

ఓంప్రకాష్ వాగును కాసేపు చూశాడు. తర్వాత స్విచ్ ఆపి, క్యాసెట్ ఊడదీసి ఫకీరా చేతిలో పెట్టాడు. "ఇగ తియ్యి తమ్మీ."

"ఇప్పుడే గద దాటినవ్ సేటూ! రొండు దినాలు ఉంచుకోరాదు?"

"ఆమె దాటుత అన్నది ఈడిదాకనే. దాటింది."

ఫకీరా మరలు విప్పి, పాత బ్యాటరీని పటకారుతో లాగాడు. నిజంగానే గుండీ అంత ఉంది. ఓంప్రకాష్ దాన్ని అరచేతిలోకి తీసుకుని, పారేయకుండా చొక్కా జేబులో వేసుకున్నాడు. స్పందన ఆయన మోచెయ్యి పట్టుకుంది. కొత్త బ్యాటరీ వేసి మళ్ళీ పెడితే మూడు గళ్ళూ ఖాళీగా, శుభ్రంగా ఉన్నాయి. అనుకున్నంత బాధ కలగలేదు. అలసటే ఉంది, అది ఎప్పుడూ ఉండేదే.

స్పందన ఉండిపొమ్మంది. వచ్చే వారం వస్తానని చెప్పి ఆయన సూర్యాపేట బస్సెక్కాడు. ఊరు దాటాక ఏదో మర్చిపోయినట్టు అనిపించి, గుర్తొచ్చి, రామనర్సయ్యకు ఫోన్ చేశాడు.

"రామనర్సన్నా, తాబేలుకు నీళ్ళు..."

"పొద్దుగాలనే వోసిన సేటూ. బొట్టు గూడ వెట్టిన. నువ్వు ఊరికి పోతే ఇది యాదికుండదని శ్యామలమ్మ నాకు ఎప్పుడో చెప్పి పెట్టింది."

ఓంప్రకాష్ ఫోన్ పెట్టేశాడు. కాలువ పక్కన పొలాల మీద ఎండ ఎర్రబారుతోంది. బస్సులో సగం సీట్లు ఖాళీ. ఆయన ఒళ్ళోని సంచిని తీసి, లేచి పైన అరలో పెట్టి, కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.